ముందు చుట్టరికం తెలియాలి

అశోక్‌నగర్ చౌరస్తా చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద పరిచే పుస్తకాల్లో పర్యావరణానికి ఒక వరుస ఎప్పుడూ ఉంటుంది. గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదివే కుర్రవాళ్లు ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి, ఇక్కడి హాస్టళ్లలో, ఇరుకు గదుల్లో ఏళ్ల తరబడి ఉంటారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరక్కపోతే బయట చెట్టు కిందే కూర్చుని చదువుకుంటారు. వాళ్లలో ఎవరిని నిద్రలేపి అడిగినా చెబుతారు: శిలావరణం, జలావరణం, వాతావరణం, ఈ మూడూ కలిసేచోట ప్రాణం నిలిచే పొర జీవావరణం. ఈ మాటను 1875లో మొదట వాడింది ఆస్ట్రియా భూవిజ్ఞాని ఎడ్వర్డ్ సూస్. 1926లో దానిమీద ఏకంగా ఒక పుస్తకమే రాసింది రష్యా శాస్త్రవేత్త వెర్నాద్‌స్కీ. మార్కులు ఖాయం.

తాము ఆనుకుని కూర్చున్న చెట్టు పేరేమిటని అడిగితే మాత్రం చాలామంది ఒకసారి తల పైకెత్తి చూసుకోవాల్సి వస్తుంది. ఇందులో వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. మనం పిల్లలకు భూమి గురించి చెప్పే వరసే అలా ఉంది. నిర్వచనం ముందొస్తుంది, అసలు సంగతి తర్వాత వస్తుందంటారు. చాలామందికి అది రానే రాదు.

పర్యావరణాన్ని బడుల్లో, కాలేజీల్లో తప్పనిసరిగా చెప్పాలని ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరులో ఆదేశించింది. మంచి ఆదేశం. అప్పటినుంచీ పాఠం ఉంది, పరీక్షా ఉంది. పర్యావరణ దినమైన జూన్ 5 రాగానే చార్టులూ ఉంటాయి. మూడో తరగతి పిల్ల వేసిన చార్టు చూడండి: గుండ్రటి భూమి, దాని నోట్లో థర్మామీటరు, కళ్లవెంట నీళ్లు, పక్కన మంచుముక్క మీద ఒంటరి ధ్రువపు ఎలుగుబంటి. కింద ‘సేవ్ ఎర్త్’ అని ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాత. ఆ పిల్ల ఎలుగుబంటిని చూడలేదు, మంచుముక్కను ఫ్రిజ్‌లో తప్ప చూడలేదు. తమ వీధిలో ఉన్న కానుగను రోజూ చూస్తున్నా దానితో పరిచయం లేదు. కానీ భూమికి జ్వరమొచ్చిందని, దాన్ని తానే కాపాడాలని తెలుసు. ఎనిమిదేళ్ల పిల్ల మీద ఎంత బరువో ఆలోచించండి.

మనింట్లో పిల్లలకు చుట్టాలను పరిచయం చేసేటప్పుడు ఇలా చేస్తామా? పెద్దమ్మ వస్తే, “ఇదిగో మీ పెద్దమ్మ, దండం పెట్టు” అంటాం. పెద్దమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని నోట్లో ఏదో పెడుతుంది. చనువు కుదురుతుంది. ఆమె షుగరు, బీపీ లెక్కలతో ఎవరూ పరిచయం మొదలుపెట్టరు. పదేళ్లకో పదిహేనేళ్లకో ఆమె మంచాన పడితే, ఒకరు చెప్పకుండానే ఆ పిల్ల వెళ్లి పక్కన కూర్చుంటుంది. సేవ చేయమని ముందే ఉపన్యాసం ఇచ్చి ఉంటే కూర్చునేదో లేదో చెప్పలేం.

అమెరికాలో డేవిడ్ సోబెల్ అనే విద్యావేత్త 1996లో ఒక చిన్న పుస్తకం రాసి ఇదే హెచ్చరిక చేశాడు. పదేళ్లలోపు పిల్లల ముందు అడవుల వినాశనం, జాతుల అంతం వంటివి పరిస్తే వాళ్లు ప్రకృతికి దగ్గర కాకపోగా బెదిరి దూరమవుతారన్నాడు. ఆ వయసులో కావలసింది తిరగడం, ముట్టుకోవడం, తమ చుట్టూ ఉన్నదానితో స్నేహం. మన ముసలమ్మలు ఏ పుస్తకమూ చదవకుండా పిల్లల్ని పెరట్లోకి వదిలినప్పుడు జరిగింది అదే. ఇప్పుడు పెరడు లేదు. కాచిగూడలో, నారాయణగూడలో పాత మండువా ఇళ్లూ బంగళాలూ ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లు అయ్యాయి. మరి పెరడు లేని పిల్లలకు భూమిని ఎక్కడ చూపించాలి?

ఈ ప్రశ్నకు నాకు జవాబు చెప్పింది మా మేడమీది పిట్టగోడ. పాతకాలపు ఇల్లు, సున్నపు గచ్చు. వానాకాలం ముగిసే రోజుల్లో గోడ పగులులోంచి ఒక రావిమొక్క మూరెడు ఎత్తు లేచింది. ఆకు గుండె ఆకారంలో ఉండి చివర తోకలా సాగింది. గాలి లేనట్టే ఉన్నా అది ఊగుతూనే ఉంది. బట్టలు తీయడానికి నాతో వచ్చిన మనవరాలు దాన్ని చూసి ఆగిపోయింది.

“తాతా, దీనికి నీళ్లెవరు పోస్తున్నరు?”

“ఎవరూ పోస్తలేరమ్మా.”

“మరి మట్టి ఏది?”

ఆ రెండు ప్రశ్నలూ అడిగిన పిల్లకు జీవావరణం గురించి సగం చెప్పేసినట్టే. మిగతా సగం నిదానంగా చెప్పుకోవచ్చు. ఎక్కడో ఒక రావిచెట్టు పండింది. ఆ చిన్న పండును గోరింకో కోకిలో తిన్నది. గింజ పిట్ట పొట్టలో అరగకుండా రెట్టతో పాటు మా గోడమీద పడింది. పగులులో కాస్త దుమ్ము, కాస్త తేమ ఉన్నాయి. అరేబియా సముద్రం మీద నుంచి వచ్చిన మబ్బు రెండు నెలలపాటు దానికి నీళ్లు పోసింది. మట్టి లేదు నిజమే. అయితే చెట్టు ఒళ్లు ప్రధానంగా మట్టితో కాదు, గాలితో తయారవుతుంది. వాన్ హెల్మాంట్ అనే ఇప్పటి బెల్జియం దేశపు ఆయన కుండీలో విల్లో మొక్క నాటి అయిదేళ్లు నీళ్లు మాత్రం పోశాడు. చెట్టు డెబ్బై కిలోలకు పైగా పెరిగింది, కుండీలో మట్టి మాత్రం అరవై గ్రాములు కూడా తగ్గలేదు. అదంతా నీళ్ల మహిమేనని ఆయన అనుకున్నాడు. 1648లో, ఆయన పోయాక, ఆ సంగతి అచ్చయింది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆకు ఎండసాయంతో కట్టెగా మారుస్తుందని తర్వాతి తరాలు తేల్చాయి. నువ్వు విడిచిన ఊపిరి కూడా ఈ ఆకులో ఉండి ఉండొచ్చని చెప్పినప్పుడు, మా మనవరాలు ఆకు దగ్గర నోరు పెట్టి మరోసారి గట్టిగా ఊదింది.

ఇంకా వెనక్కి వెళితే కథ మరీ చిత్రం. రావి, మర్రి, మేడి జాతి చెట్లకు పూలు కనబడవు. పండు అనుకునేదాని లోపలే వందల పూలు దాక్కుని ఉంటాయి. వాటిదగ్గరికి చేరేది రెండు మిల్లీమీటర్లుండే ఒక కందిరీగ జాతి కీటకం. రావికి రావిదే, మర్రికి మర్రిదే, సాధారణంగా ఒకదాని పురుగు మరోదానికి పనికిరాదు. అది సన్నటి రంధ్రంలోంచి దూరి, పుప్పొడి అందించి, గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. దాని పిల్లలు పుప్పొడి మోసుకుని మరో చెట్టు వెతుక్కుంటాయి. ఆ పురుగు లేకపోతే గింజ లేదు, గింజ లేకపోతే చెట్టు లేదు. మేడిపండు పొట్టలో పురుగులను వేమన పిరికివాడి బింకానికి పోలికగా చెప్పాడు, మనం బడిలో కంఠతా పట్టాం. మనిషి గురించి వేమన చెప్పింది నిజమే. మేడిచెట్టు వైపు నుంచి చూస్తే మాత్రం ఆ పురుగే దాని వంశాన్ని నిలబెడుతోంది. పిల్లలకు ఈ రెండూ చెప్పాలి. పద్యంతో పాటు పండును కోసి చూపిస్తే రెండూ గుర్తుంటాయి.

ఇంతకూ ఆ రావిమొక్కను పీకాల్సే వచ్చింది. ఉంచితే వేరు లావెక్కి గోడను చీలుస్తుంది. రావిని పీకడానికి ఇంట్లో పెద్దవాళ్లు జంకారు. చివరికి జాగ్రత్తగా తీసి కుండీలో పెట్టి, ఊరెళ్లినప్పుడు చెరువుగట్టున నాటాం. అన్ని ప్రాణాలతోనూ ఒకే గోడమీద ఉండలేం, అయినా ఎక్కడో ఒకచోట చోటు చూపించవచ్చు. ప్రకృతితో కలిసి బతకడమంటే చాలావరకు ఇలాంటి సర్దుబాటే. అదీ పిల్లలు చూడాల్సిందే.

ఈ ప్రాణపు పొర ఎంత మందమో పిల్లలకు చెప్పడానికి కాచిగూడ స్టేషను పనికొస్తుంది. భూమి నడిబొడ్డు మన కాళ్లకింద 6,371 కిలోమీటర్ల లోతున ఉంది. సముద్రపు అతిలోతైన అగాధం నుంచి పక్షులు ఎగరగల అతిఎత్తు దాకా కలిపినా జీవం ఉండే పొర సుమారు ఇరవై కిలోమీటర్లు, అంటే కాచిగూడ నుంచి శంషాబాద్ పోయేంత దూరం. దాన్ని అడ్డంగా కాకుండా నిలువుగా ఊహించుకోవాలి, అంతే. ఏనుగూ నాచూ మొదలుకొని ఇప్పటిదాకా పుట్టిన ప్రతి మనిషీ ఆ మధ్యలోనే. ఆ పొర కింది రాయి కూడా చాలా పాతది. హైదరాబాద్ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గాలిలో ప్రాణవాయువు నిలవడం మొదలైంది ఇంచుమించు ఆ కాలంలోనే. ఆ పని చేసింది కంటికి కనబడని సూక్ష్మజీవులు. మన పార్కుల్లో పిల్లలు జారుడుబల్లగా వాడుకునే బండకు, పీల్చే గాలికి దాదాపు ఒకటే వయసు. ఇది తెలిసిన పిల్లకు పరీక్షలో ఒక మార్కు తగ్గితే లోకం మునిగిపోయినట్టు అనిపించదని నా ఆశ.

నీళ్ల సంగతికి వస్తే, అశోక్‌నగర్ వంతెన మీద నిలబడి కింద పారే నాలాను చూపిస్తే చాలు. పిల్లలు ముక్కు మూసుకుంటారు. మూసుకోనివ్వండి, కానీ అదేమిటో చెప్పండి. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో 1562లో హుస్సేన్ షా వలీ కట్టించిన హుస్సేన్‌సాగర్ అలుగు నీళ్లు పోయే దారి అది. దోమల్‌గూడ, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట మీదుగా అంబర్‌పేట వైపు వెళ్లి మూసీలో కలుస్తుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో. మరి మన నల్లా నీళ్లు ఎక్కడివి? అందులో పెద్ద వాటా కృష్ణదే. నాగార్జునసాగర్ జలాశయం నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో, మూడు వందల మీటర్లకు పైగా ఎత్తుకు తోడుకుంటూ తెస్తారు. తెచ్చుకున్న నీళ్లను మురికి చేసి, మూసీ ద్వారా అదే కృష్ణకు సాగర్ డ్యాముకు దిగువన తిరిగి అప్పగిస్తాం. ఈలోగా మూసీ ఒడ్డున ఆ నీళ్లతో పశుగ్రాసం పెంచడం దశాబ్దాలుగా ఉంది. ఆ గడ్డి మేసిన గేదెల పాలు మళ్లీ నగరానికే వస్తాయి. ‘పారేశాం’ అని మనం అనుకున్నది ఎక్కడికీ పోలేదు. ఒక చుట్టు తిరిగి గ్లాసులోకి వచ్చింది.

ఇది చెప్పడం పిల్లలను భయపెట్టడం కాదా అని అడగొచ్చు. ఎలుగుబంటి విషయంలో పిల్ల చేయగలిగింది ఏమీ లేదు, అందుకే అది భయంగా మిగులుతుంది. నాలా సంగతి అలా కాదు. చెత్తసంచి ఎటు పోవాలో, వంటనూనె ఎందులో పోయకూడదో పదేళ్ల పిల్ల నిర్ణయించగలదు, ఇంట్లో పెద్దవాళ్లను నిలదీయగలదు కూడా. 2020 అక్టోబరు 13న కురిసిన కుండపోతకు నగరంలో ఎన్నో కాలనీలు మునిగాయి. నాలా పక్క ఇళ్లవాళ్లకు ఆ రాత్రి గుర్తుంది. నీటికి దారి లేకపోతే అది ఇంట్లోకి వస్తుందని చెప్పడానికి అంతకన్నా పాఠం అక్కర్లేదు.

పరిచయమంటే అన్నీ అందమైనవే చూపించడం కూడా కాదు. దోమా ఈ పొరలోదే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ పొట్టను సూక్ష్మదర్శినిలో చూస్తూనే మలేరియా గుట్టు పట్టాడు. ఇక్కడి నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే బేగంపేటలో జరిగిన పని అది. కుండీ కింది పళ్లెంలో నిలిచిన నీళ్లలో తోకాడిస్తూ గెంతే పురుగులను పిల్లలకు చూపించి, ఆ తర్వాత వాళ్ల చేతే ఆ నీళ్లు పారబోయించాలి. గౌరవం వేరు, గారాబం వేరు.

మనకు బడికన్నా ముందే ఒక బడి ఉండేది, పండగ. బతుకమ్మకు ముందు చిక్కడపల్లి, నారాయణగూడ మార్కెట్ల దగ్గర తంగేడు, గునుగు కట్టలుగా దిగుతాయి. అపార్ట్‌మెంటు పిల్లలకు అవి కొనుక్కునే పూలు. మా పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కూతురు మాత్రం వాటిని ఏరుకొచ్చిన పిల్ల. పాలమూరు వైపు ఊరు వాళ్లది. గునుగు చేన్ల గట్ల మీద పెరుగుతుందని, తంగేడు నీళ్లు లేని గుట్టమీద కూడా పూస్తుందని, తంగేడు కొమ్మ విరిస్తే ఏ వాసన వస్తుందో ఆ పిల్లకు తెలుసు. కింద పార్కింగులో పూలు పేర్చేటప్పుడు ఇంగ్లీషు మీడియం పిల్లలు చుట్టూ చేరి, “అక్కా, ఇది ఎట్ల పెట్టాలె?” అని అడుగుతుంటే ఒక్కపూట ఆమే టీచరు. పిల్లలకు ప్రకృతిని పరిచయం చేయగల మనుషులు మన గేటు దగ్గరే ఉన్నారు. పల్లె నుంచి వచ్చినవాళ్ల దగ్గరున్న ఆ తెలివికి మనం విలువ కట్టకపోవడం వల్లే పిల్లలూ కట్టడం లేదు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పమని పిల్లలు జీకేలో చదువుతారు. అది పూసే బీడుభూములు నగరం అంచున వెంచర్లుగా మారుతున్న సంగతి ఏ జీకే పుస్తకంలోనూ ఉండదు. మార్కెట్లో కట్టకట్టకూ ధర ఎందుకు పెరుగుతోందని పిల్ల అడిగిన రోజు ఆ సంగతి చెప్పవచ్చు.

వినాయకచవితి పత్రీ అంతే. ఇరవైయొక్క ఆకుల కట్ట పేరుతో అమ్మేదాంట్లో తరచూ చేతికందిన నాలుగు రెమ్మలే ఉంటాయి. పూజ ముగిశాక ఆ కట్ట విప్పి, వాటిలో ఎన్నింటికి పేరు చెప్పగలమో ఇంట్లో అందరూ ప్రయత్నించి చూడండి. చాలాసార్లు నానమ్మ గెలుస్తుంది. పిల్లల ముందు నానమ్మ గెలవడం ఇంటికి మంచిది.

బాగా బతకడానికి, ఈ పరిచయానికి ఏమిటి సంబంధం? నాకు కనబడేది ఇది. తన వీధిలో ఒక చెట్టును ఏడాది పొడవునా గమనించిన పిల్లకు కాలం అంటే క్యాలెండరు కాదని తెలుస్తుంది. శివరాత్రి వెళ్లాక కానుగ ఆకు రాల్చి లేతాకుపచ్చగా వెలుగుతుంది. ఎండలు ముదిరితే తురాయి ఎర్రబడుతుంది. అది మడగాస్కర్ నుంచి వచ్చి మనదైపోయిన చెట్టు. సాయంత్రం చీకటి పడేవేళ నిద్రగన్నేరు తన ఆకులను ముడుచుకుంటుంది. బస్సు కోసం నిలబడిన కాసేపట్లో ఆ ముడుచుకోవడాన్ని కళ్లారా చూడవచ్చు. వీటిలో దేన్నీ తొందరపెట్టలేం, దేన్నీ కొనలేం. కోచింగుల మధ్య, ర్యాంకుల మధ్య పెరిగే పిల్లకు తనతో పోటీ పడని ప్రాణి ఒకటి పక్కన ఉండటం ఎంత ఊరటో పెద్దవాళ్లం ఊహించలేం. తాను లేకపోయినా లోకం నడుస్తుందని, తానుంటే దానికి కాస్త మేలో కీడో జరుగుతుందని రెండూ ఒకేసారి అర్థమైతే అణకువ దానంతట అదే వస్తుంది. నీతికథలు చెప్పి తెప్పించేది కాదది.

ఇలా గమనించినదాన్ని రాసిపెట్టుకోవడమూ పిల్లలకు నేర్పవచ్చు. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పందం మీద ప్రపంచ దేశాల సదస్సు మన హైదరాబాద్‌లోనే జరిగింది. దానికి పదేళ్ల ముందు, 2002లో, మన దేశం జీవవైవిధ్య చట్టం చేసుకుంది. ప్రతి స్థానిక సంస్థ పరిధిలో ఏయే చెట్లు, ఏయే ప్రాణులు ఉన్నాయో, వాటి గురించి జనానికి ఏమి తెలుసో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు చేయాలన్నది ఆ చట్టం ఉద్దేశాల్లో ఒకటి. కార్పొరేషన్ రిజిస్టరు సంగతి అధికారులు చూసుకుంటారు. మన వీధి రిజిస్టరును మన పిల్లలు రాయగలరు. ఒక నోటుబుక్కు చాలు. గోడమీద రావి, కరెంటు తీగ మీద గద్ద, మెట్లకింద తొండ, దీపం దగ్గర బల్లి. తెలుగు పేరు తెలిస్తే అది, తెలియకపోతే బొమ్మ. ఎప్పుడు కనబడిందో తేదీ. జన విజ్ఞాన వేదిక వారి ‘చెకుముకి’ లాంటి పిల్లల సైన్సు పత్రిక ఇంట్లో ఉంటే పెద్దవాళ్లకు తెలియని ప్రశ్నలకూ దారి దొరుకుతుంది. ఆదివారం పొద్దున ఇందిరా పార్కుకో సుందరయ్య పార్కుకో వెళితే ఫోన్లు జేబులో పెట్టండి. పిల్ల చీమల బారు దగ్గర కూర్చుండిపోతే “పద, పద” అనకండి. ఆరోజు వాకింగు తక్కువైనా నష్టం లేదు.

భూమిని కాపాడే బాధ్యత పెద్దవాళ్లది. ఓటున్నది మనకు, జీతమున్నది మనకు, నాలాలో పోసే చెయ్యీ మనదే. ఆ బరువును చార్టుల మీదుగా పిల్లల భుజాలకు మార్చడం అన్యాయం. మనం వాళ్లకు చేయాల్సింది పరిచయం. ఈ వారంలోనే మీ పిల్లల్ని మీ గేటు ముందున్న చెట్టు దగ్గరికి తీసుకెళ్లి దాని పేరు చెప్పండి. మీకు తెలియకపోతే వాచ్‌మన్‌ను అడిగి ముందు మీరు తెలుసుకోండి.